మైకులో నీళ్ళు

తుమ్మలకోన పురపాలక సంఘం వారు ఊరి నీటి సమస్యను చుక్క నీరు ఖర్చు కాకుండా పరిష్కరించిన సంగతి బయటి ఊళ్ళవాళ్ళకు అంతగా తెలియదు. తెలిసి ఉంటే వాళ్ళూ ఆ పనే చేసేవాళ్ళు.

ఆ ఎండాకాలం చెరువు నుంచి ఊరికి నీళ్ళు తెచ్చే పెద్ద గొట్టం పగిలింది. బాగు చెయ్యాలంటే పైనుంచి మంజూరు రావాలి. మంజూరు రావాలంటే ఎంతవుతుందో అంచనా పంపాలి. అంచనా వెయ్యడానికి ఇంజనీరు కావాలి. ఇంజనీరు పోస్టు ఖాళీగా ఉంది. అది నింపమని రాసిన కాగితం మీద, ముందు ఆ ఊరికి ఇంజనీరు ఎందుకు అవసరమో ఒక ఇంజనీరు చేత ధ్రువీకరించి పంపమని జవాబు వచ్చింది.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వం వారు ‘తృప్త పట్టణం’ అని ఒక బహుమతి ప్రకటించారు. కంప్యూటరు జనానికి ఫోన్లు చేసి, మీ ఇంటికి కుళాయి నీళ్ళు వస్తున్నాయా, వస్తుంటే ఒకటి నొక్కండి, రాకపోతే రెండు నొక్కండి అని అడుగుతుంది. తుమ్మలకోనలో ఫోను ఎత్తిన ప్రతివాళ్ళూ రెండు నొక్కారు. కొందరు ఒకసారి నొక్కి కోపం చల్లారక మళ్ళీ మళ్ళీ నొక్కారు. రాష్ట్రంలోని పట్టణాలన్నిట్లోనూ తుమ్మలకోన చిట్టచివర నిలబడింది.

కమిషనరు పరాంకుశం గారికి ఇది పెద్ద దెబ్బ. ఆయన చెడ్డవాడు కాదు. గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. రాజధానికి బదిలీ అయితే చాలనుకునే మనిషి. చిట్టచివరి ఊరి కమిషనరును రాజధానికి ఎవరు పిలుస్తారు? అందుకని నగరం నుంచి సుకేతన్ అనే ఆయన్ని పిలిపించారు. ఆయన హోదా ‘ప్రజాభావ నిర్వహణ సలహాదారు’. సుకేతన్ ఒక రోజంతా ఊరు తిరిగి చూశాడు. పగిలిన గొట్టం దగ్గరికి మాత్రం వెళ్ళలేదు. అది తన శాఖ కాదన్నాడు. సాయంత్రం సమావేశ మందిరంలో ఉద్యోగులందరినీ కూర్చోబెట్టి తను కనుగొన్నది చెప్పాడు.

“ఇక్కడ ఉన్నది నీటి కొరత కాదు. నీటి పట్ల విశ్వాసపు కొరత. దాహమన్నది సగం గొంతులో ఉంటుంది, సగం మెదడులో ఉంటుంది. గొంతు మన పరిధిలో లేదు. మెదడు ఉంది.”

పరాంకుశం గారు ఆ మాట రాసుకుని, కింద గీత గీసుకున్నారు.

ఇక కావలసింది ఒక గొంతు. అది సంఘంలోనే ఉంది. కాంట్రాక్టు ఉద్యోగి వన్నూరమ్మ అంతకుముందు బస్టాండులో ఏ బస్సు ఎక్కడ ఆగిందో మైకులో చెప్పేది. తర్వాత చెత్త ఆటోల్లో వినిపించే మాటలు ఆమెతోనే చెప్పించారు. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు అని ఆమె గొంతు వీధిలోకి వస్తే, ఏనాడూ వేరు చెయ్యనివాళ్ళు కూడా తప్పు చేసినట్టు తల దించుకునేవాళ్ళు. ఆ గొంతు అబద్ధం చెప్పగా ఎవరూ వినలేదు. చెత్త గురించి అబద్ధం చెప్పే అవసరం ఎవరికుంటుంది?

ఆ గొంతును లెక్క చెయ్యని చోటు ఊళ్ళో ఒక్కటే, వన్నూరమ్మ సొంత ఇల్లు. ఆమె భర్త తిప్పేస్వామి వీధి మొదట్లో టీకొట్టు నడుపుతాడు. అత్త సుంకమ్మ గడప దగ్గర కూర్చుని ఇల్లంతా నడుపుతుంది. కోడలు ఎండలోకి పోవద్దంటే పనిగట్టుకుని పోయేది. కోడలు కూరలో ఉప్పు సరిపోయిందంటే ఇంకాస్త వేసేది. అదే కోడలి గొంతు చెత్త ఆటోలోంచి వినబడితే మాత్రం లేచి, ఉల్లిపొట్టు ఒక బుట్టలోకీ కాగితాలు ఒక బుట్టలోకీ బుద్ధిగా ఏరేది.

సుకేతన్ వన్నూరమ్మ చేతికి కాగితం ఇచ్చి చదవమన్నాడు. ‘శుభోదయం. తుమ్మలకోన ప్రజలకు శుభవార్త. మీ కుళాయిల్లో నీళ్ళు వచ్చాయి. తనివితీరా వాడుకోండి’ అని ఉంది అందులో. వన్నూరమ్మ రెండుసార్లు చూసుకుంది.

“వొచ్చినాయా సార్?” అని అడిగింది.

“పెళ్ళికూతుర్ని దీర్ఘసుమంగళీ భవ అంటాం కదమ్మా. ముందే చూసి వచ్చి అంటామా? ఇదీ అంతే. శుభం పలకడం” అన్నాడు సుకేతన్.

ఎక్కడో తప్పుందని వన్నూరమ్మకు అనిపించింది గాని ఎక్కడుందో వెంటనే దొరకలేదు. దొరికేలోపల చదివేసింది, వాళ్ళు రికార్డు చేసేశారు. ఆమె కాంట్రాక్టు ఆ నెలాఖరుకు ముగుస్తుందని కమిషనరు గారు అంతకుముందే మెల్లగా గుర్తు చేసి ఉన్నారు.

మర్నాడు తెల్లవారగానే ఆటోలు బయల్దేరాయి. జనం బిందెలతో కుళాయిల మీదికి పరుగెత్తారు. కుళాయిలు బుస్సుమని గాలి వదిలి ఊరుకున్నాయి. రాత్రే వన్నూరమ్మ సంగతంతా చెప్పినా తిప్పేస్వామి కూడా పరుగెత్తాడు. వట్టి బిందెతో తిరిగివచ్చి, వచ్చి ఆగిపోయినట్టున్నాయి, కొంచెం ముందు లేవాల్సిందని నొచ్చుకున్నాడు.

“నేను చెప్తినే, రాలేదని” అంది వన్నూరమ్మ.

“వొచ్చినాయని చెప్పింది గూడా నువ్వే గదా మే” అన్నాడు తిప్పేస్వామి.

పక్కింటి ఖాజాబీ కూడా అలాగే అనుకుంది, తను లేచేసరికి ఆలస్యమైందని. ఎందుకైనా మంచిదని సుంకమ్మను మీకెన్ని బిందెలు దొరికాయని అడిగింది. మైకులో చెప్పే మనిషి ఇంటికే నీళ్ళు దొరకలేదంటే పరువేం కావాలి? నాలుగు బిందెలు దొరికాయంది సుంకమ్మ. ఖాజాబీ తీసిపోతుందా, తన డ్రమ్ము నిండిందంది. ఈ మాట ఆ చెవినా ఈ చెవినా పడి, మధ్యాహ్నానికి వీధిలో నీళ్ళు పట్టుకోని ఇల్లు ఒక్కటీ లేకపోయింది. సాయంత్రం ఎప్పటిలాగే నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు, హారన్ కొట్టకుండా వెనక సందులోకి రమ్మని ప్రతి ఇంటివాళ్ళూ డ్రైవరుకు విడివిడిగా కబురు చేశారు. వెనక సందులో అందరూ అందరికీ కనబడుతూనే ఉన్నారు. ఎవరి మటుకు వాళ్ళు, మిగతావాళ్ళు పొద్దున పట్టుకున్నది చాలక వచ్చారనుకున్నారు.

మళ్ళీ ఫోన్లు వచ్చినప్పుడు జనం ఒకటి నొక్కారు. ఊరంతా నీళ్ళు పట్టుకుంటుంటే నేనొక్కణ్ణే నిద్రపోయానని కంప్యూటరుకైనా ఎవరు చెప్పుకుంటారు? తుమ్మలకోన చిట్టచివరి నుంచి ఒక్కసారిగా మధ్యకు ఎగబాకింది. పరాంకుశం గారు మిఠాయి తెప్పించి పంచారు. అది తిన్నాక తాగడానికి నీళ్ళేవని ఎవరో అడగబోయి మానుకున్నారు.

అక్కడితో ఆగి ఉంటే ఊరు ఎలాగో బతికేది. కాని మొదటి స్థానం అంటూ ఒకటి ఉంది కదా. తృప్తి మిత్రులని కొందరు కుర్రాళ్ళను పెట్టి ఇంటింటికీ పంపారు. నీళ్ళు వస్తున్నాయన్న ఇంటి తలుపు మీద నీలం రంగు నీటిబొట్టు బొమ్మ అంటించారు. బొట్టు లేని తలుపులు వీధిలో బోసిగా కనబడేవి. ఆ ఇంటివాళ్ళే పిలిచి అంటించుకున్నారు. ఆ తర్వాత సుకేతన్ దృష్టి బిందెల మీద పడింది. మనిషి అబద్ధం చెప్పగలడు గాని వట్టి బిందె చెప్పలేదు, అదే దానితో వచ్చిన చిక్కు. వెంటనే ఒక ఉత్తర్వు వెలువడింది.

‘ఇందుమూలముగా యావన్మంది పౌరులకు తెలియజేయునది ఏమనగా, ఖాళీ బిందెలతో వీధులయందు సంచరించుట ప్రతికూల దృశ్య కాలుష్యముగా పరిగణింపబడును. అట్లు తీసుకొనిపోవలసిన అగత్యము కలిగినవారు సదరు బిందెను నిండుబిందె మోయు భంగిమలో మోయవలెను.’

ఆడవాళ్ళు నడుం వంచి, ఒక చెయ్యి బారుగా చాపి, వట్టి బిందెలు మోస్తూ ఆపసోపాలు పడసాగారు. కొన్నాళ్ళకు వాళ్ళకు నిజంగానే నడుం నొప్పులు పట్టుకున్నాయి. మోతబరువు అలాంటిదని వాళ్ళే ఒకళ్ళకొకళ్ళు చెప్పుకున్నారు.

తిప్పేస్వామి మాత్రం ఒక పొరపాటు చేశాడు. ట్యాంకరు రాని ఒక రోజు, కొట్టు ముందు పలక మీద ‘నీళ్ళు లేవు, టీ లేదు’ అని రాసి పెట్టాడు. అరగంటలో తృప్తి మిత్రులు వచ్చి, అతణ్ణి ఎంతో మర్యాదగా కల్యాణ మంటపంలో జరిగే సానుకూల శిక్షణ తరగతికి తీసుకుపోయారు. ఊళ్ళో అలాంటి పలకలవాళ్ళు, నోరు జారినవాళ్ళు ఇంకొందరు అక్కడ ఉన్నారు. తలా ఒక వట్టి గ్లాసు ఇచ్చి, ఎత్తి గుటక వెయ్యమన్నారు. గుటక వేశాక ఆహా అనాలి. ఆ ఆహా మనసులోంచి వచ్చిందని శిక్షకుడికి నమ్మకం కుదిరితే ఇంటికి పంపుతారు. తిప్పేస్వామి మొదటి రోజు నోరు విప్పలేదు. మరుసటి రోజు చుట్టూ అందరూ ఆహా అంటుంటే, తనకే ఏదో రుచి తెలియడం లేదేమోనన్న అనుమానం వచ్చింది. అప్పటికి గొంతు ఎంత ఎండిపోయి ఉందంటే, గుటక వేసినప్పుడు దిగినది ఉమ్మో నీళ్ళో తేల్చుకోవడం కష్టం. ఆహా అన్నాడు. ఇంటికి పంపారు.

తరగతి బాగా జరిగిందని పెళ్ళాంతో చెప్పాడు. మంచి మనుషులనీ, ఒక్క కటువు మాట అనలేదనీ చెప్పాడు. ఆ తర్వాత కొట్టుకు ఎవరు వచ్చినా నీళ్ళు లేవని అనలేదు, టీ అయిపోయిందనేవాడు. పొయ్యి వెలిగించకముందే వచ్చినవాళ్ళకు కూడా అదే చెప్పేవాడు. వచ్చినవాళ్ళు, బాగుంది కాబట్టే అయిపోయి ఉంటుందనుకుని వెళ్ళేవాళ్ళు.

వన్నూరమ్మకు మొదట్లో తన గొంతు తనకే వినబడితే నవ్వు వచ్చేది. తర్వాత చిరాకు వచ్చేది. ఒక ఉదయం కసవు ఊడుస్తుండగా వీధి చివర నుంచి ఆ గొంతు వచ్చింది, నీళ్ళు వచ్చాయని. ఆమె చీపురు పక్కన పడేసి, బిందె చంకన పెట్టుకుని గబగబా కుళాయి దగ్గరికి పోయి తిప్పింది. గాలి వచ్చింది. అప్పుడు తెలివి వచ్చి, బిందె పక్కన పెట్టి అక్కడే కూర్చుండిపోయింది. రాసిచ్చిన కాగితం చదివింది ఆమే. పగిలిన గొట్టం గురించి ఆఫీసులో రోజూ వింటోంది. అయినా కాళ్ళు పరుగెత్తాయి. ఆ రోజు మొదలు ఆమెకు తన గొంతంటే భయం పట్టుకుంది.

సుంకమ్మ సంగతి వేరు. ఆమె మనసులో ఏ గొడవా లేదు. నీళ్ళు వచ్చాయని మైకులో చెప్పాక, ట్యాంకరు నీళ్ళు తాగడం ఆమెకు నామోషీ అయింది. పొద్దున లేవలేని సోమరిపోతులు తాగే నీళ్ళవి. కోడలు ఇచ్చిన చెంబును పక్కకు తోసేది. తాగావా అత్తా అని అడిగితే, కుళాయి నీళ్ళు కడుపు నిండా తాగానని చెప్పేది. ముసలామె మొదట్లో పరువు కోసం చెప్పిందో, తర్వాత నిజమనే అనుకుందో ఎవరికీ తెలియదు. రోహిణి ఎండలు. ఒక మధ్యాహ్నం గడప దగ్గర కూర్చున్నదల్లా పక్కకు ఒరిగిపోయింది.

తిప్పేస్వామి, ఖాజాబీ కొడుకు కలిసి ఆమెను ఆటోలో వేసుకుని వీధి చివర ఆసుపత్రికి తీసుకుపోయారు. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, ఒంట్లో చుక్క నీరు లేదన్నాడు. అన్న వెంటనే గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించి, అంటే ఎండదెబ్బ అన్నాడు. ఆయన తలుపు మీదా నీలం బొట్టు ఉంది. సెలైను ఎక్కించి, తెలివి వచ్చాక నోటితో కూడా తాగించమన్నాడు.

సాయంత్రానికి సుంకమ్మ కళ్ళు తెరిచింది. వన్నూరమ్మ గ్లాసు పెదాలకు ఆనిస్తే మొహం తిప్పుకుంది. చాలా తాగానంది. నీళ్ళు రాలేదత్తా, మైకులో మాట్లాడేది నేనే, రాసిచ్చిన అబద్ధం చదువుతున్నాను, అని వన్నూరమ్మ ఏడుస్తూ చెప్పింది. సుంకమ్మ ఓపిక తెచ్చుకుని, తెలియనిదానికి తెలియజెప్పినట్టు చెప్పింది.

“ఇంట్లో మాట్లాడేది కోడలు. మైకులో మాట్లాడేది గవర్నమెంటు. నీ మాట నేనెట్ల నమ్మేది?”

వన్నూరమ్మ ఆ గ్లాసు మంచం పక్కన పెట్టింది. ఇంట్లో చెప్పే మాటకు విలువ లేదన్నది పాత సంగతే. విలువున్న చోటేదో అత్తే చెప్పింది.

మరుసటి రోజు ఉదయమే బహుమతి నిర్ణేతలు ఊరికి వస్తున్నారు. వాళ్ళ ముందు రికార్డు చేసిన మాట కాకుండా, అప్పటికప్పుడు మాట్లాడితే జీవకళ ఉంటుందన్నాడు సుకేతన్. ఆఫీసు నుంచి ఊళ్ళోని ఆటోలన్నిటికీ, స్తంభాల మీది మైకులకూ ఒకేసారి వినబడేలా ఏర్పాటు చేయించాడు. పరాంకుశం గారు కొత్త పంచె కట్టుకుని వచ్చారు. నిర్ణేతలు కుర్చీల్లో కూర్చున్నారు. వన్నూరమ్మకు కాగితం ఇచ్చారు. ఆమె కాగితాన్ని మడిచి బల్ల మీద పెట్టింది.

“నేను వన్నూరమ్మను మాట్లాడతాండా. నీళ్ళు రాలేదు. ఇంతవరకు ఒక్కనాడు గూడా రాలేదు. మీరు లేసేది ఆలస్యమయ్యి కాదు. మీ ఇంట్లోనే కాదు, ఎవరింట్లోనూ రాలేదు. మా ఇంట్లో గూడా రాలేదు. గొట్టం పగిలింది, ఎవరూ బాగు చెయ్యలేదు. అంతే.”

ఎవరో పరుగున వచ్చి మీట నొక్కేసరికి ఆ ‘అంతే’ కూడా అయిపోయింది.

వన్నూరమ్మ వీధిలో ముందుగా ఖాజాబీ తలుపు తెరుచుకుంది. ఆమె లోపల నుంచి డ్రమ్ము దొర్లించుకుంటూ వచ్చి వీధి నడుమ బోర్లించింది. చుక్క కూడా రాలలేదు. ఎదురింటావిడ అది చూసి తన బిందెలు తెచ్చి పక్కనే బోర్లించింది. తర్వాత ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. మొదట ఎవరికీ కోపం రాలేదు. నీదీ అంతేనా అంటే నీదీ అంతేనా అనుకుంటూ, మొహాలు చూసుకుని నవ్వుకున్నారు. ఇన్నాళ్ళూ తామొక్కరే సోమరులమని కుమిలిపోయిన ఊరు కదా. నవ్వు అయిపోయాక కోపం వచ్చింది. బిందెలు తీసుకుని, వట్టి బిందెలను ఎలా మొయ్యాలో అలాగే మోసుకుంటూ ఆఫీసు వైపు నడిచారు.

ఆసుపత్రి కిటికీ పక్కన స్తంభానికి కూడా ఒక మైకు ఉంది. సుంకమ్మ అంతా వింది. మంచం మీద లేచి కూర్చుని కొడుకును పిలిచింది.

“మైకులో చెప్పినారు, నీళ్ళు రాలేదంట. నాకు దప్పికైతాంది, యాడన్నా ఉంటే త్యా” అంది. తిప్పేస్వామి తెచ్చిన చెంబును దించకుండా తాగేసి, ఇంకొకటి అడిగింది.

ఆఫీసులో పరాంకుశం గారు పంచె అంచు నలుపుకుంటూ చెమటలు కక్కుతున్నారు. బయట జనం వరండా నిండా బిందెలు పెట్టుకుని కూర్చున్నారు. సుకేతన్ మాత్రం చిరునవ్వుతో నిర్ణేతల వైపు తిరిగాడు.

“గమనించారా? వచ్చాయంటే నమ్మారు. రాలేదంటే అదే క్షణంలో నమ్మారు. సమాచార వ్యవస్థ పట్ల ఇంతటి సంపూర్ణ విశ్వాసం మరే పట్టణంలోనైనా చూశారా?”

నిర్ణేతలు చూడలేదని ఒప్పుకున్నారు. తృప్త పట్టణం బహుమతి వేరే ఊరికి పోయింది గాని, తుమ్మలకోనకు ప్రత్యేకంగా ‘విశ్వాస పట్టణం’ పురస్కారం దక్కింది. సుకేతన్‌ను మరో జిల్లావాళ్ళు కరెంటు సమస్య పరిష్కరించమని తీసుకుపోయారు. పరాంకుశం గారు బదిలీ మీద రాజధానికి వెళ్ళారు.

జనం మాత్రం వరండాలోంచి లేవలేదు. ఆఫీసుకు నీళ్ళు తెచ్చే ట్యాంకరును లోపలికి రానివ్వలేదు. ఆఫీసు మరుగుదొడ్లో చెంబు నీళ్ళు లేని పరిస్థితి వచ్చిన వారంలోనే మంజూరు వచ్చింది. అంచనా లేకుండానే వచ్చింది, ఇంజనీరు లేకుండానే పని జరిగింది. పక్క ఊరి నుంచి పనివాళ్ళు వచ్చి, గొట్టం తవ్వి, కొత్త ముక్క వేసి అతికించి పోయారు.

వన్నూరమ్మ కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం కింద ‘అనుమతి లేని సత్యప్రకటన’ అని రాశారు. ఆమె తిప్పేస్వామి కొట్టులోనే గ్లాసులు కడగడానికి కుదిరింది. మైకుకు కొత్త గొంతు కోసం ప్రకటన ఇవ్వాలంటే పైనుంచి అనుమతి రావాలట. అది ఇంకా రాలేదు. చెత్త ఆటోలు మూగగా తిరుగుతున్నాయి.

ఒక ఉదయం కుళాయిల్లో నిజంగా నీళ్ళు వచ్చాయి. తిప్పి వదిలేసిన కుళాయిలన్నీ ఒక్కసారిగా పొంగి, నీళ్ళు కాలువల్లోకి పారాయి. ఎవరూ బయటికి రాలేదు. కసవు ఊడుస్తున్న వన్నూరమ్మ ఆ చప్పుడు విని ముందు తన చెవులనే నమ్మలేదు. కుళాయి కింద చెయ్యి పెట్టి చూసి, ఇంటింటికీ పరుగెత్తి తలుపులు కొట్టింది. ఖాజాబీ లోపల నుంచే, మైకులో ఏమీ చెప్పలేదే అంది. ఎదురింట్లోనూ అదే మాట. ఒకసారి మోసపోయిన ఊరిని రెండోసారి మోసం చెయ్యడం అంత తేలిక కాదు.

వన్నూరమ్మ బిందె నింపి తెచ్చి అత్త ముందు పెట్టింది. సుంకమ్మ గడప మీద నుంచి తొంగి చూసింది. బిందెలో మొహం కూడా కనబడింది. అయినా తల అడ్డంగా ఊపింది.

“మైకులో చెప్పనీ” అంది.

వన్నూరమ్మ చెంబు ముంచి, అత్త నెత్తిన పోసింది.

సుంకమ్మ ఉలిక్కిపడి నోరు తెరిచింది. నీళ్ళు కళ్ళ మీదుగా, ముక్కు మీదుగా, మెడ మీదుగా దిగి రవికలోకి పారాయి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. పెదాల మీద మిగిలినదాన్ని నాలుకతో చూసుకుంది. ఎండలో కూర్చుని కాసేపు ఆలోచించింది.

“వొచ్చినట్టే ఉండాది మే” అంది చివరికి. తర్వాత కొప్పు విప్పుకుని తల ముందుకు వంచింది.

“ఇంకో చెంబు పొయ్యి.”